బొమ్మలోని బిడ్డ

పాటలకంటె అట్టమీది బొమ్మకే ఎక్కువ ప్రసిద్ధి వచ్చిన గ్రామఫోను రికార్డులు కొన్ని వున్నవి. 1971 డిసెంబరులో అమెరికాలో వెలువడిన ‘కాన్సర్ట్ ఫర్ బంగ్లాదేశ్’ వాటిలో ఒకటి. మూడు రికార్డుల పెట్టె అది. పైన ఒక పసిబిడ్డ, ముందు ఖాళీ గిన్నె. ఒంటిమీద ఎముకలు లెక్కపెట్టవచ్చు. ఆ బిడ్డ పేరేమిటో అట్టమీద వుండదు. ఆ గిన్నెలో తర్వాత ఎవరైనా ఏమైనా వేశారో లేదో కూడా వుండదు. బొమ్మలు చెప్పే కథలన్నీ ఇంతే. మధ్యలో మొదలుపెట్టి మధ్యలోనే వదిలేస్తవి.

యుద్ధంలో చిక్కుకున్న పిల్లలకు మందూమాకూ పంపడానికి లోకాన్ని చందా అడగవలసి వచ్చినప్పుడల్లా, లక్షమంది పిల్లల తరఫున ఒక్క బిడ్డను తెచ్చి మన యెదుట నిలబెడతారు. ఆ బిడ్డ మనవంక చూస్తుంది. మనం జేబు తడుముకుంటాం. ఇది నూరేళ్లు దాటిన ఆచారం. దీనివల్ల ఎంత మేలు జరిగింది, ఎక్కడ దారి తప్పింది అన్నది ఈ వారం మీకు విన్నవించాలని వుంది.

ముందుగా ఆ రికార్డు సంగతి. 1971 మార్చిలో పాకిస్తాన్ సైన్యం తూర్పు బెంగాలుమీద విరుచుకుపడింది. ఆ యేడు ముగిసేలోగా సుమారు కోటిమంది సరిహద్దు దాటి మనదేశానికి వచ్చిపడ్డారు. సితారు విద్వాంసుడు రవిశంకర్ పూర్వీకులది ఆ బెంగాలే. ఆయన గురువు అల్లావుద్దీన్ ఖాన్ పుట్టిందీ అక్కడే. కడుపు రగిలి, తన మిత్రుడూ శిష్యుడూ అయిన జార్జి హారిసన్‌తో మొరపెట్టుకున్నాడు. హారిసన్ అంటే అప్పటికి ప్రపంచాన్ని ఒక ఊపు ఊపిన బీటిల్స్ బృందంలోని నలుగురిలో ఒకడు. కొద్ది వారాల్లో అంతా సిద్ధం చేసి ఆగస్టు 1న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మధ్యాహ్నం ఒక కచేరీ, రాత్రి ఒక కచేరీ జరిపించారు. సుమారు నలభైవేలమంది వచ్చారు. మొదట మనవాళ్ల కచేరీయే. రవిశంకర్, సరోద్‌మీద అలీ అక్బర్ ఖాన్, తబలామీద అల్లా రఖా కూర్చుని శ్రుతి చేసుకుంటూంటే, అదే కచేరీ అనుకుని జనం చప్పట్లు కొట్టారు! శ్రుతే మీకింత నచ్చితే వాద్యం ఇంకా నచ్చుతుందని ఆశిస్తానని రవిశంకర్ నవ్వుతూ అన్నాడు. బంగ్లాదేశ్ అనే పేరు ప్రపంచంలో చాలామంది మొదటిసారి విన్నది ఆ రాత్రే కావచ్చు.

టిక్కెట్ల రాబడి 2 లక్షల 43 వేల డాలర్ల పైచిలుకు. ఆ మొత్తాన్ని ఐక్యరాజ్యసమితి బాలల నిధికి, అంటే యూనిసెఫ్‌కి ముట్టజెప్పారు. ఇంతవరకూ కథ బాగానే వుంది. తర్వాత రికార్డులమీద, సినిమామీద దానికి ఎన్నోరెట్లు డబ్బు వచ్చింది. కాని ఇది ధర్మకార్యమని ముందుగా కాగితాలు దాఖలు చేసి వుండకపోవడంచేత అమెరికా ఆదాయపుపన్ను వారు అడ్డుపడ్డారు. లెక్కలు తేలడానికి పదేళ్లు పట్టింది. అట్టమీది బిడ్డ ఆకలి 1971 నాటిది. ఆ అట్ట అమ్మగా వచ్చిన సొమ్ములో పెద్ద భాగం చేరింది ఎనభైలలో. హారిసన్‌ను నిందించడానికి ఇది చెప్పడం లేదు. పాతికేళ్లు దాటిన కుర్రవాడు, మంచి మనసుతో చేశాడు. మంచి మనసుకు గుమాస్తా తోడుండాలి, అంతే.

ఆ కచేరీ జరిగిన నాళ్లలోనే కలకత్తాకు ఈశాన్యాన, సరిహద్దుమీద వున్న బన్‌గావ్ అనే ఊళ్లో ఏం జరుగుతున్నదో చూడండి. శరణార్థులు లక్షల్లో వున్నారు. వానలు పట్టుకున్నవి. కలరా పుట్టింది. జూన్ చివర దిలీప్ మహలనాబిస్ అనే పిల్లల వైద్యుడు కలకత్తానుంచి అక్కడికి చేరేసరికి, ఆసుపత్రిలో రోగులకు రెండు గదులు, పదహారు మంచాలు. మిగిలినవాళ్లంతా నేలమీద. కాలుపెట్టడానికి చోటు లేదు; పెట్టినచోటల్లా వాంతులూ విరేచనాలూ. కలరాకు అప్పటి చికిత్స నరంలోకి సెలైను ఎక్కించడం. సీసాలు చాలవు. సూదులు గుచ్చడం తెలిసినవాళ్లు చాలరు. ఇక్కడ సీసాకోసం ఎదురుచూస్తూ వుండగానే అక్కడ బిడ్డ వొడిలిపోతున్నది.

ఆయన చేసిన పని చిన్నది. లీటరు నీటికి 22 గ్రాముల గ్లూకోజు, మూడున్నర గ్రాముల ఉప్పు, రెండున్నర గ్రాముల తినేసోడా. చక్కెర తోడుంటే పేగులు ఉప్పునూ నీటినీ పీల్చుకుంటవని ప్రయోగశాలల్లో అప్పటికే తెలుసు. కలకత్తాలోనూ ఢాకాలోనూ ఆసుపత్రుల్లో వాడి చూశారు కూడా. అయితే చదువుకున్న డాక్టరు పక్కన కూర్చుని కొలుస్తూంటే తప్ప ఇది పనికిరాదన్నది పెద్దల అభిప్రాయం. బన్‌గావ్‌లో పక్కన కూర్చునే డాక్టరు ఎక్కడ? అంచేత కలకత్తాలోని తమ పరిశోధన కేంద్రం గ్రంథాలయం గదిలో ఈ మూడూ తూచి, ప్లాస్టిక్ సంచుల్లో పోసి, ఇస్త్రీపెట్టెతో మూతులు అతికించి పంపించారు. ఇక్కడ వాటిని నీళ్ల డ్రమ్ముల్లో కలిపారు. తల్లులూ తండ్రులూ అన్నలూ గ్లాసులతో ఆ డ్రమ్ము కుళాయి దగ్గరికి వచ్చి పట్టుకుపోయి తమవాళ్లకు తాగించారు. అంతకుముందు శిబిరాల్లో నూటికి ముప్ఫైమంది దాకా పోతూండగా, ఈ నీళ్లు తాగినచోట ఆ లెక్క నాలుగుకంటె తక్కువకు దిగింది. 1973లో ఈ ఫలితాలు అచ్చయినవి. 1978లో ‘లాన్సెట్’ వైద్యపత్రిక సంపాదకీయం రాస్తూ, ఈ శతాబ్దంలో వైద్యం సాధించిన అన్నిటిలోకీ ఇదే ముఖ్యమైనది కావచ్చునన్నది.

ఇందులో ఒక తమాషా వుంది. ఉప్పునీళ్లు తాగమంటే జనం నమ్మలేదు. ఇంత పెద్ద జబ్బుకు ఉప్పునీళ్లా అని చిన్నబుచ్చుకున్నారు. అప్పుడు వైద్యులు దానికి ‘నోటి సెలైను’ అని పేరు పెట్టారు. సెలైను అనేసరికి గౌరవం వచ్చింది, తాగారు! మన పల్లెల్లో ఈనాటికీ చూడండి, నాలుగు విరేచనాలు కాగానే డాక్టరు దగ్గరికి పోయి, సీసా ఎక్కిస్తేనేగాని వైద్యం జరిగినట్టు తృప్తి వుండదు. నామధేయంలోనే సగం మందు వున్నది. ప్రచారమంటే ఎప్పుడూ పెద్ద బొమ్మే కానక్కరలేదు; చేతికందే చిన్న మాట కూడా కావచ్చు.

ఆ డ్రమ్ము బొమ్మను ఏ రికార్డు అట్టమీదా వెయ్యలేదు. వేస్తే ఎవరు కొంటారు? మహలనాబిస్ 2022లో పోయారు. మరుసటి యేడు మన ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఆ రోజు పత్రికలో ఆయన పేరు చదివి, ఈయనెవరని అడిగినవారే ఎక్కువ.

బిడ్డ బొమ్మతో చందా అడిగే పద్ధతికి పెద్దతల్లి వంటి ఒకావిడ వున్నది. ఇంగ్లీషువనిత, పేరు ఎగ్లంటైన్ జెబ్. కొంతకాలం ఎలిమెంటరీ బడిలో పాఠాలు చెప్పి, ఇది నావల్ల కాదని మానుకున్న మనిషి. పిల్లల్ని చూస్తే పొంగిపోయి ముద్దాడే స్వభావం ఆమెది కాదని జీవితచరిత్రకారులు చెబుతారు. (ఈ మాట చదివి నాకు కొంత ధైర్యం కలిగింది. పరోపకారులంతా నిరంతరం చిరునవ్వుతో వుంటారని అనుకోవడం పాఠ్యపుస్తకాలు మనకు చేసిన అపకారం.) మొదటి ప్రపంచయుద్ధం 1918 నవంబరులో ఆగింది. కాని ఓడిన దేశాలకు ఆహారం పోకుండా మిత్రరాజ్యాలు వేసిన సముద్ర దిగ్బంధం మాత్రం ఆగలేదు. వియన్నాలో పసివాళ్లు పాలు లేక, ఎముకలు వంకరపోయి చచ్చిపోతున్నారు. 1919 వసంతంలో జెబ్ లండనులోని ట్రఫాల్గర్ స్క్వేర్‌లో నిలబడి కరపత్రాలు పంచింది. కరపత్రంమీద ఆస్ట్రియా బిడ్డ. వయసు రెండున్నరేళ్లు. తల పెద్దది, కాళ్లూ చేతులూ పుల్లలు. మన దిగ్బంధమే ఈ బిడ్డనిట్లా చేసిందని కింద రాసి వున్నది.

ప్రభుత్వ అనుమతి లేకుండా కరపత్రం అచ్చువేసిందని పట్టుకుపోయారు. న్యాయస్థానంలో తన వాదన తానే వినిపించుకుంది. ఐదు పౌన్లు జుల్మానా వేశారు. కేసు ముగిశాక, సర్కారు తరఫున వాదించి ఆమెకు శిక్ష వేయించిన సర్ ఆర్చిబాల్డ్ బాడ్కిన్ అనే న్యాయవాది దగ్గరికి వచ్చి, తన జేబులోంచి ఐదు పౌన్ల నోటు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆ సొమ్మును ఆమె జుల్మానాకు కట్టలేదు. ‘సేవ్ ది చిల్డ్రన్’ అనే నిధికి అది మొదటి చందా అయింది. మే 19న ఆల్బర్ట్ హాలులో సభ పెట్టారు. శత్రువుల పిల్లలకు చందాలడిగే ఈ దేశద్రోహి మొహాన కొట్టడానికి కుళ్లిన పళ్లు తెచ్చుకున్నవారు కూడా వున్నారట. ఆమె మాట్లాడటం మొదలుపెట్టాక వాటిని విసరలేకపోయారు.

నన్ను ఈ కథలో పట్టి నిలిపేది ఆ కరపత్రంమీది రెండో ముక్క. బొమ్మ ఎవరైనా వేస్తారు. ఈ పని చేసింది మనం అని కింద రాయడానికి గుండె కావాలి. అది చదివిన లండను గృహస్థు కన్నీరు పెట్టుకుని తేలిపోవడానికి వీల్లేదు. తన సర్కారును అడగవలసి వస్తుంది. జెబ్ అక్కడితో ఆగలేదు. 1921లో రష్యాలో కరువు వచ్చినప్పుడు పత్రికల్లో పూర్తిపేజీ ప్రకటనలు వేయించింది. కరువు ప్రాంతంలో సినిమా తీయించి చూపించింది. దానానికి ఈ దండోరా ఏమిటని సణిగినవారున్నారు. ఆరువందల టన్నుల సరుకుతో ఓడ బయలుదేరింది. సరాటోవ్ ప్రాంతంలో వంటశాలలు లేచినవి. కన్నీళ్లతో గాక కాగితమూ కలమూ పట్టుకుని సాయం చెయ్యాలని ఆమె పట్టుదల: ఎంతమంది పిల్లలు, రోజుకెంత తిండి, ఎవరిద్వారా, ఎన్నాళ్లు. ఆపదలో మొదటి సాయం అందవలసినది పిల్లలకే అని ఆమె రాసిన బాలల హక్కుల ప్రకటనను 1924లో నానాజాతి సమితి ఆమోదించింది.

ఇక బొమ్మ దారి తప్పిన కథ. అది సారయేవో నగరంలో జరిగింది. 1992 ఏప్రిలు నుంచి సుమారు నాలుగేళ్లు ఆ ఊరు ముట్టడిలో వున్నది. 1993 జూలై 30న ఒక మోర్టారు గుండు పడి ఇర్మా అనే ఐదేళ్ల పిల్లకు వెన్నులో ముక్కలు గుచ్చుకున్నవి. తల్లి చనిపోయింది. అక్కడి ఆసుపత్రిలో వసతులు లేవు. క్షతగాత్రుల్ని విదేశాలకు పంపే అనుమతి ఐక్యరాజ్యసమితివారి కమిటీ ఇవ్వాలి. కమిటీలు కమిటీల పద్ధతిలో నడుస్తవి. దిక్కుతోచని వైద్యుడు ఆ పిల్ల సంగతి విదేశీ విలేఖరులకు చెప్పాడు. ఆగస్టు మొదట్లో ఆ మొహం బ్రిటిష్ టెలివిజన్లలో, పత్రికల్లో కనిపించింది. ప్రధానమంత్రి జాన్ మేజర్ కదిలాడు. సైనిక విమానం వెళ్లింది. ఆగస్టు 9 రాత్రికి పిల్ల లండనులోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ పిల్లల ఆసుపత్రిలో వున్నది. ఈ యత్నానికి ‘ఆపరేషన్ ఇర్మా’ అని పేరు. స్వీడను, ఇటలీ మేమూ పడకలిస్తామన్నవి. కొద్దిరోజుల్లో మరికొన్ని పదులమందిని విమానాల్లో తరలించారు.

మంచిదే కదా అంటారు. ఆ నలుగురి ప్రాణమైనా దక్కింది కదా అంటారు. నేనూ అంటాను. కాని వచ్చినవారిలో పెద్దవాళ్లు చాలామంది వున్నారని తెలియగానే, పిల్లలని చెప్పి వీళ్లనెందుకు పంపారని కొన్ని పత్రికలు గొణిగినవి! సారయేవోలోని ఒక సమితి వైద్యాధికారికి ఒళ్లు మండి, మీకు ఆరేళ్లలోపు, నీలికళ్ల, బంగారుజుట్టు పిల్లలే కావాలా అన్న ధోరణిలో నిలదీశాడు. ఇర్మా పేరులోని నాలుగు ఇంగ్లీషు అక్షరాలకు, పత్రికలు చూస్తేనే పరుగెత్తే సాయం అనే అర్థం వచ్చేటట్టు ఎవరో విరుపు కట్టారు. అది చాలాకాలం చెలామణి అయింది. అన్నిటికంటె ముఖ్యమైనది ముట్టడి. ఆ విమానం ఎగిరినా అది సడలలేదు. గుండ్లు పడుతూనే వున్నవి. ఇర్మా 1995లో అదే లండను ఆసుపత్రిలో చనిపోయింది. ముట్టడి ముగిసిందని ప్రకటించినది 1996 ఫిబ్రవరి చివర.

ఇంతకీ బొమ్మ చూసి డబ్బు ఇవ్వాలా వద్దా, మాస్టారూ అని మా బి. ఏ. తరగతిలో ఒక అమ్మాయి నిలదీసింది. కరుణరసం పాఠం చెబుతున్న రోజు అది. ఉన్నది ఒకటే రసం, అది కరుణమే అన్నవాడు భవభూతి. శోకం స్థాయీభావమైతే చదివేవాడికి ఆనందమెట్లా కలుగుతుందని మన ఆలంకారికులు తలలు బద్దలు కొట్టుకున్నారు. కలుగుతుందనే తేల్చారు. నాటకశాలలో అది సరే. సీతకోసం ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఇంటికి పోయి హాయిగా నిద్రపోవచ్చు; సీతకేమీ నష్టం లేదు. చందా బొమ్మ ముందు కూడా అట్లాగే ఏడ్చి, ఇరవై రూపాయలు వేసి, మనసు తేలికపడి పడుకుంటేనే చిక్కు. ఇవ్వమనే చెప్పాను. ఇచ్చేముందు, ఈ బొమ్మకు వెనక డ్రమ్ము ఏమన్నా వున్నదా అని అడగమన్నాను. ఇంకొక అమ్మాయి లేచి, ఆ బిడ్డను అట్లా వొంటిమీద బట్ట లేకుండా చూపించవచ్చునా, మన ఇంటి పిల్లనైతే ఒప్పుకుంటామా అన్నది. ఒప్పుకోమనే నా సమాధానం. ఆ ప్రశ్నకు ఇంకా పెద్ద సమాధానం చెప్పాలని వున్నది గాని గంట కొట్టారు.

బొమ్మనూ డ్రమ్మునూ ఒకే చేత్తో పట్టుకోగలిగిన మనిషి ఒకడు వున్నాడు: జేమ్స్ గ్రాంట్. 1980 నుంచి 1995 దాకా యూనిసెఫ్‌కి అధిపతి. అమెరికావాడు, పుట్టింది చైనాలో. ఆయన జేబులో ఎప్పుడూ ఉప్పూచక్కెరల పొట్లం ఒకటి వుండేది. బన్‌గావ్ డ్రమ్ములో కలిపిన సరుకే, చక్కని కాగితపు పొట్లమైంది. రాజులతో, అధ్యక్షులతో విందులో కూర్చున్నప్పుడు ఆ పొట్లం తీసి బల్లమీద పెట్టి, దీని ధర ఒక కప్పు టీకన్న తక్కువ, మీ దేశంలో ఇది ఎంతమంది తల్లులకు తెలుసు అని అడిగేవాడు. తెల్లబోయేవారు. ఏడ్చే బిడ్డ బొమ్మ చూపిస్తే అధ్యక్షుడు నిట్టూర్చి వూరుకోవచ్చు. పొట్లం చూపిస్తే లెక్క చెప్పవలసి వస్తుంది.

మధ్య అమెరికాలో ఎల్ సాల్వడోర్ అనే చిన్నదేశం 1980 తర్వాత అంతర్యుద్ధంలో మునిగింది. ఒకపక్క సర్కారు సైన్యం, ఒకపక్క గెరిల్లాలు. గ్రాంట్ ఆ దేశాధ్యక్షుడు డువార్టేను కలిసి, మీ యుద్ధంలో పోయినవాళ్లకంటె తట్టు, ధనుర్వాతం వంటి టీకాలున్న జబ్బులతో పోయిన పిల్లలే ఎక్కువ, టీకాలు వెయ్యడానికి యుద్ధం ఆపితేనేమని అడిగాడు. వినడానికి పిచ్చిమాటలాగే వుంటుంది. అయితే కాథలిక్ చర్చి పెద్దలు మధ్యవర్తులై గెరిల్లాలను ఒప్పించారు. 1985లో మూడు రోజులు, ఎడమిచ్చి ఒక్కొక్కటి, తుపాకులు ఆగినవి. రేడియోలో, గోడలమీద, చర్చి ప్రసంగాల్లో అదే ప్రచారం. గెరిల్లాల చేతికింది పల్లెలకు కూడా టీకా పెట్టెలు వెళ్లినవి. సుమారు రెండున్నర లక్షలమంది పిల్లలు టీకాలు వేయించుకున్నారు. రెండు పక్షాలకూ ప్రేమ పుట్టుకొచ్చిందని అనుకోకండి. అదే యేడు సెప్టెంబరులో గెరిల్లాలు ఆ అధ్యక్షుడి కూతురినే ఎత్తుకుపోయారు. అయినా 1992లో సంధి కుదిరేదాకా ఏటేటా ఆ టీకారోజులు మాత్రం తప్పలేదు.

ఆ ప్రచారానికి గుర్తు ఒక బిడ్డ మొహం కాదు, ఒక తేదీ. ఫలానా రోజున కాల్పులు వుండవు అని దేశమంతా చెప్పుకున్న తేదీ. ఆ రోజున తల్లి ధైర్యంగా వాకిలి దాటవచ్చు.

ఆ పద్ధతి మొన్నమొన్న గాజాలోనూ నడిచింది. 2023 అక్టోబరులో మొదలైన యుద్ధంలో మురుగునీటి వ్యవస్థ కూలిపోయింది. పాతికేళ్లుగా లేని పోలియో 2024 వేసవిలో మురుగులో కనిపించింది. ఆగస్టులో పదినెలల పసివాడికి కాలు చచ్చుబడింది. సెప్టెంబరు 1 నుంచి రోజుకు కొన్ని గంటలు, ప్రాంతానికి కొన్ని రోజులు చొప్పున కాల్పులు ఆపడానికి ఒప్పుదల కుదిరింది. పన్నెండు రోజుల్లో పదేళ్లలోపు పిల్లలు సుమారు 5 లక్షల 60 వేలమందికి చుక్కలు వేశారు. వేసిన ప్రతి బిడ్డ వేలికీ సిరా గుర్తు. మనకిది కొత్త కాదు. 1995 నుంచి పోలియో ఆదివారాల్లో ఎడమచేతి చిటికెనవేలికి సిరా పూయించుకుని వీధంతా చూపించుకు తిరిగిన పిల్లలు మన ప్రతి ఇంట్లోనూ వున్నారు. ఆ సిరా పుణ్యమా అని 2014లో మన దేశానికి పోలియో లేదన్న పత్రం వచ్చింది.

పోలియో చుక్కలు ఒక్క విడత వేస్తే చాలవు. గాజాలో రెండో విడత అక్టోబరు మధ్యలో మొదలైంది. ఉత్తరాన బాంబులు ఆగకపోవడంచేత అక్కడ వాయిదా పడి, నవంబరు 2న మళ్లీ సాగింది, అదీ గాజా నగరం పరిసరాలకే. జబాలియా, బేత్ లాహియా, బేత్ హనూన్ ఊళ్లకు టీకావాళ్లు పోలేకపోయారు. ఆ విడతలో అక్కడ ఏడువేల నుంచి పదివేలమంది దాకా పిల్లల వేళ్లకు సిరా పడలేదు.